చిప్‌లోని లోహపు తీగల మీద పేటెంట్: ఎఫ్‌ఈఆర్‌కు జవాబు రాసే పద్ధతి

ఎఫ్‌ఈఆర్, అంటే పేటెంట్ ఆఫీసు పంపే మొదటి పరీక్షా నివేదిక, చేతికి రాగానే చాలామంది డి1, డి2 పత్రాలు, అంటే ఎగ్జామినర్ అందులో ఎత్తిచూపిన పాత పత్రాలు, తెరిచి కూర్చుంటారు. ఇంటర్‌కనెక్ట్ (చిప్‌లోని భాగాలను కలిపే లోహపు తీగలు) దరఖాస్తుకు అది తప్పు వరస. ముందు చదవాల్సింది, వేటికి పేటెంట్ రాదో చెప్పే సెక్షన్ 3 కింద వచ్చిన అభ్యంతరాలు. వాటిని దాటడానికి క్లెయిమ్ (దేనిమీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యం) ఎంత మారాలో తేలాకే, డి1తో పోల్చడానికి మీ చేతిలో ఏం మిగిలిందో తెలుస్తుంది. పోలిక ముందు రాసేసి తర్వాత క్లెయిమ్ మారిస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

గడువుల సంగతి మొదటి రోజే క్యాలెండర్‌లో రాసుకోండి. జవాబుకు ఎఫ్‌ఈఆర్ తేదీ నుంచి 6 నెలలు. ఆ 6 నెలలు నిండకముందే గడువు పెంచమని ఫారం 4 వేస్తే మరో 3 నెలల దాకా దొరుకుతుంది. జవాబు వెళ్లకపోతే సెక్షన్ 21 ప్రకారం దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. 2024 మార్చిలో మారిన నిబంధనల ప్రకారం విదేశీ దరఖాస్తుల వివరాలున్న ఫారం 3ని ఎఫ్‌ఈఆర్ వచ్చిన 3 నెలల్లో ఇవ్వాలి. అది 6 నెలల గడువులోనే కలిసి ఉందనుకుని పోగొట్టుకునేవాళ్లున్నారు. ఫ్యాబ్ (చిప్‌ల కర్మాగారం) నుంచి కొత్త కొలతలు తెప్పించాలంటే వేఫర్ (చిప్‌లు చేసే సిలికాన్ పలక) తయారీ దశలన్నీ దాటడానికే నెలలు పడుతుంది కాబట్టి, డేటా కావాలా వద్దా అన్నది మొదటి వారంలోనే తేల్చుకోవాలి.

3(ఓ): తీగల పటం వేరు, తీగల నిర్మాణం వేరు

పేటెంట్ చట్టం, 1970లోని సెక్షన్ 3(ఓ) ప్రకారం ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల (చిప్‌ల) టోపోగ్రఫీకి, అంటే భాగాల అమరిక పటానికి, పేటెంట్ రాదు. దానికి వేరే చట్టం ఉంది: సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్స్ లేఅవుట్ డిజైన్ చట్టం, 2000. ఆ చట్టంలో లేఅవుట్ డిజైన్ నిర్వచనం ట్రాన్సిస్టర్లతో ఆగదు, వాటిని కలిపే తీగలనూ కలుపుకుంటుంది. అందుకే పైనుంచి చూసిన పటం ఆధారంగా రాసిన క్లెయిమ్ ఏదైనా, ఉదాహరణకు "మొదటి దిశలో సమాంతరంగా నడిచే పవర్ రైళ్లు, వాటిని అడ్డంగా కలిపే రెండో లోహపు పొర, ప్రతి కూడలి దగ్గర ఒక వయా" అన్నది (పవర్ రైలు అంటే విద్యుత్తు అందించే తీగ, వయా అంటే పై, కింది పొరల తీగలను కలిపే నిలువు లోహపు ముక్క), ఎగ్జామినర్ కంటికి టోపోగ్రఫీలాగే కనిపిస్తుంది. ఆయన్ని తప్పుపట్టలేం. అందులో ఉన్నది అమరిక మాత్రమే.

"ఇది టోపోగ్రఫీ కాదు" అని ఒక పేరా వాదిస్తే సరిపోదు. క్లెయిమ్‌లోకి నిలువు కోత రావాలి: ఏ పొర మీద ఏ పొర ఉంది, ఏ పదార్థం, ఎంత మందం, ఎక్కడ ఏది దేన్ని తాకుతోంది, ఆ తాకడం వల్ల విద్యుత్తు పరంగా ఏం మారింది. అదే పవర్ రైలు క్లెయిమ్‌లో "వయా అడుగున అవరోధపు పొర లేకుండా వయా లోహం కింది తీగ లోహాన్ని నేరుగా తాకుతుంది, వయా పక్క గోడల మీద మాత్రం అవరోధపు పొర ఉంటుంది" అని చేరితే అది వస్తువు నిర్మాణం అవుతుంది (అవరోధపు పొర అంటే లోహం చుట్టుపక్కలకు పాకకుండా ఆపే పూత). పటం మార్చినా ఆ లక్షణం పోదు. ఈ పరీక్ష మీరే చేసుకోండి: తీగలు నడిచే దారులన్నీ మార్చేసినా మీరు కనిపెట్టింది మిగులుతుందా? మిగిలితే పేటెంట్. మిగలకపోతే మీ దారి లేఅవుట్ చట్టమే. అక్కడ రక్షణ 10 ఏళ్లు. వాణిజ్యంగా వాడకం మొదలైన 2 ఏళ్లలోపు దరఖాస్తు వేయాలి, కాబట్టి పేటెంట్ కథ తేలేదాకా ఆగకూడదు.

అల్గారిథమ్‌లకు, కంప్యూటర్ ప్రోగ్రామ్‌లకు అడ్డుచెప్పే 3(కె) అభ్యంతరం ఎక్కువగా రూటింగ్ (తీగల దారులు ఎంచే) పద్ధతుల మీద వస్తుంది. రద్దీ లెక్కగట్టి తీగ దారిని ఎంచే క్లెయిమ్ అల్గారిథమ్ కిందే పోతుంది. "ప్రాసెసర్ చేత" అన్న మాట చేర్చినంత మాత్రాన అది నిలబడదు. సాంకేతిక ఫలితం ఉంటే కంప్యూటర్ ప్రోగ్రామ్ అన్న కారణంతోనే తోసిపుచ్చకూడదని 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ తీర్పును ఉటంకించాలంటే ఆ ఫలితం చిప్‌లో కొలవగలిగేదై ఉండాలి. రూటింగ్ టూల్ పది నిమిషాలు ముందుగా ముగిసిందంటే ఈ వాదనకు బలం చాలదు.

కారణం నుంచి ఫలితం దాకా

సెక్షన్లు తేలాక ఒక కాగితం మీద ఒకే వాక్యం రాయండి: ఏ ఆకారం లేదా ఏ పదార్థం, ఏ కారణం చేత, ఏ కొలతను మార్చింది. ఈ వాక్యం కుదరకపోతే జవాబు కుదరదు. లోహపు తీగల్లో ఈ గొలుసును అంకెల్లో చూపించవచ్చు, చూపించాలి కూడా.

20 నానోమీటర్ల వెడల్పు, 40 నానోమీటర్ల ఎత్తు ఉన్న గాడి తీసుకోండి. రెండు గోడలకూ అడుగుకూ 3 నానోమీటర్ల చొప్పున అవరోధం, లైనర్ (రాగి బాగా అంటుకోవడానికి వేసే పలచని పొర) కలిపి పూత వేస్తే రాగికి మిగిలేది 14 వెడల్పు, 37 ఎత్తు. అంటే 800లో 518 చదరపు నానోమీటర్లు. మూడో వంతుకు పైగా చోటు రాగి చేతి నుంచి జారిపోయింది. దానికి తోడు రాగిలో ఎలక్ట్రాన్ ఢీకొనకుండా వెళ్లే సగటు దూరం 39 నానోమీటర్ల దాకా ఉంటుంది. తీగ అంతకన్నా సన్నబడితే గోడల దగ్గర, రేణువుల హద్దుల దగ్గర ఢీకొనడం పెరిగి విశిష్ట నిరోధం పైకెళుతుంది. పూతను 1 నానోమీటరు తగ్గించడం ఎందుకు గొప్ప అని ఎగ్జామినర్ అడిగితే ఈ లెక్కే జవాబు.

ఇదే లెక్క ఎదురు తిరగనూ గలదు. దిమ్మరాగి విశిష్ట నిరోధం 1.7 మైక్రో ఓమ్-సెంటీమీటర్లకు దగ్గర, కోబాల్ట్‌ది 6కు, రుథేనియంది 7కు. రుథేనియం తీగ లాభం సన్నటి తీగల్లోనే. అక్కడ దానికి అవరోధం పలచగా సరిపోతుంది లేదా అసలు అక్కర్లేదు, ఎలక్ట్రాన్ సగటు దూరం కూడా చిన్నది. క్లెయిమ్‌లో వెడల్పు చెప్పకుండా "రుథేనియం తీగ, నిరోధం తగ్గుతుంది" అంటే 200 నానోమీటర్ల తీగ కూడా అందులోకి వస్తుంది. ఆ వెడల్పులో రాగే మేలు. ఫలితం క్లెయిమ్ మొత్తానికీ వర్తించదన్న అభ్యంతరాన్ని మీరే పిలిచి పెట్టుకున్నట్టు.

ఎగ్జామినర్ వెతికిన చోటే మళ్లీ వెతకండి

ఎఫ్‌ఈఆర్‌లో రెండు పత్రాలే ఉన్నాయంటే లోకంలో రెండే ఉన్నాయని కాదు. క్లెయిమ్‌ను సవరించాక హియరింగ్ నోటీసులో డి3 ప్రత్యక్షమవుతుంది. దాన్ని మీరే ముందు చూడటం మంచిది. ఏళ్లుగా ఈ రంగం పేటెంట్ల వర్గీకరణలో హెచ్01ఎల్ కింద ఉంది: తీగల అమరికకు 23/528, వయాలకు 23/5226, పదార్థాలకు 23/532, తయారీకి 21/768, అందులో డ్యూయల్ డమాసీన్‌కు (తీగ గాడినీ వయానూ ఒకేసారి లోహంతో నింపే పద్ధతికి) 21/76807, గాలి ఖాళీలకు 21/7682. సెమీకండక్టర్ వర్గీకరణ హెచ్10 తరగతికి మారుతోంది కాబట్టి పాత, కొత్త సంకేతాలు రెండింటితోనూ వెతకాలి. జపాన్ పత్రాలను వదిలేస్తే వెతికినట్టే కాదు. 1990ల నాటి లోహపు పొరల పని అక్కడ గుట్టలుగా ఉంది. జపాన్ ఆఫీసు సొంత వర్గీకరణ అయిన ఎఫ్-టర్మ్‌లో 5ఎఫ్033 పూర్తిగా చిప్‌లోపలి తీగలకే.

మాటలతో వెతికేటప్పుడు వయా అన్న ఒక్క మాటతో ఆగకండి. ప్లగ్, స్టడ్, కాంటాక్ట్ అని రాసినవాళ్లున్నారు. జపనీస్ అనువాదాల్లో "కనెక్షన్ హోల్", "త్రూ హోల్" అని వస్తుంది, తీగను "వైరింగ్" అంటారు, అవరోధపు పొర "డిఫ్యూజన్ ప్రివెంటింగ్ ఫిల్మ్" అవుతుంది. పేటెంట్లు కాని పత్రాలకు ఐఈడీఎం, ఐఐటీసీ అనే చిప్ సాంకేతికత సదస్సుల పత్రాలు చూడండి. మీ సొంత బృందం దరఖాస్తు తేదీకి ముందు అక్కడ పత్రం సమర్పించిందేమో కూడా చూసుకోండి. సొంతంగా ముందే ప్రచురించినదాన్ని మన్నించే విషయంలో అమెరికాలో ఉన్నంత వెసులుబాటు మన చట్టంలో లేదు.

డి1ను చదివే తీరు

క్లెయిమ్‌ను ముక్కలు చేసి ఎడమవైపు, డి1లో దానికి సరిపోయే పేరా, బొమ్మ సంఖ్యలు కుడివైపు పట్టిక వేయండి. ఇక్కడ ఎక్కువ తగాదా వచ్చేది "మీద" అన్న మాటతో. "తీగ మీద వయా" అంటే మధ్యలో అవరోధపు పొర ఉన్నా సరిపోతుంది. మీ ఆవిష్కరణ ఆ పొర లేకపోవడమే అయితే "నేరుగా తాకుతూ" అనాలి. అలాగే "కలిగి ఉన్న" అని రాస్తే అదనపు పొరలకు తలుపు తెరిచినట్టే.

డి1 బొమ్మను స్కేలు పెట్టి కొలిచి "ఇందులో వయా తీగకన్నా వెడల్పు" అని ఎగ్జామినర్ రాస్తే గట్టిగా అడ్డుచెప్పండి. కొలత ప్రకారం గీసినట్టు పత్రంలో చెప్పకపోతే పేటెంట్ బొమ్మ నుంచి కొలతలు తీయడం సరికాదు. కానీ ఏది దేన్ని తాకుతోందన్నది బొమ్మ నుంచి తీసుకోవచ్చు, దాన్ని కాదనకండి. బొమ్మ ఏ దిశలో కోసిందో కూడా చూడాలి. తీగ వెంబడి కోసిన బొమ్మలో వయా అంచు, తీగ అంచు ఒకటైనట్టు కనిపించవచ్చు, అడ్డంగా కోస్తే అలా ఉండకపోవచ్చు. సెల్ఫ్ అలైన్డ్ వయా (తీగ అంచుతో దానంతటదే వరస కుదిరే వయా) కేసుల్లో సగం వాదన ఈ దిశ మీదే నడుస్తుంది.

అంకెల శ్రేణుల దగ్గర జాగ్రత్త. మీది 1 నుంచి 3 నానోమీటర్లు, డి1లో 2 నుంచి 5 ఉంటే అతివ్యాప్తి ఉన్నట్టే. 1 నుంచి 1.5కు కుదించడం మంచి ఆలోచనే, ఆ 1.5 అన్న అంకె మొదటి స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తుతో ఇచ్చిన వివరణలో) ఉంటేనే.

డి1, డి2 కలిపితే వస్తుందంటే

"డి1లో రాగి తీగ, డి2లో కోబాల్ట్ లైనర్, కలపడం నిపుణుడికి తేలిక" అన్నది ఈ రంగంలో మామూలు అభ్యంతరం. దానికి "డి1లో కోబాల్ట్ లేదు, డి2లో మా వయా లేదు" అని విడివిడిగా చెప్పడం జవాబు కాదు, ఎగ్జామినర్ అన్నదే తిరిగి చెప్పినట్టు. కలిపితే ఫ్యాబ్‌లో ఏమవుతుందో చెప్పాలి. తీగల పొరలు వేసే దశలో వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వరు. డి2 పూత అంతకన్నా వేడి అడిగితే డి1లోని లో-కె డైఎలక్ట్రిక్ (తీగల మధ్య నింపే, డైఎలక్ట్రిక్ స్థిరాంకం కె తక్కువగా ఉన్న బంధక పదార్థం) తట్టుకోదు. డి2లో రెసిస్ట్‌ను (నమూనా చెక్కడానికి వేసే తాత్కాలిక పూతను) ఆక్సిజన్ ప్లాస్మాతో తీసేస్తే లో-కెలోని మిథైల్ గుంపులు పోయి, తేమ పీల్చుకుని, కె విలువ పెరుగుతుంది. రాగి, కోబాల్ట్ పక్కపక్కన ఉంటే సీఎంపీ (రసాయనంతో అరగదీసి చదును చేసే దశ) ద్రవంలో గాల్వానిక్ తుప్పు పట్టి కోబాల్ట్ కరిగిపోతుంది. ఇలాంటి అడ్డంకిని మీరు దేంతో దాటారో చూపించాక, దాన్ని ఇన్వెంటివ్ స్టెప్‌ను నిర్వచించే సెక్షన్ 2(1)(జెఏ)లోని సాంకేతిక పురోగతి అన్న మాటకు ముడిపెట్టండి.

డేటా పెడితే సరైన పోలికతో పెట్టండి. వయా నిరోధానికి నాలుగు కొనల కెల్విన్ కొలత, దిగుబడికి వయా గొలుసు, లీకేజీకి దువ్వెన ఆకారపు నిర్మాణం. ఎలక్ట్రోమైగ్రేషన్ (కరెంటు తోపుడుకు తీగలోని లోహపు అణువులు జరిగిపోవడం) దగ్గరే ఎక్కువ పొరపాట్లు. కరెంటు సాంద్రత, ఉష్ణోగ్రత, యాక్టివేషన్ శక్తి చెప్పకుండా "ఆయుష్షు 5 రెట్లు" అంటే, వీటి నుంచే తీగ ఆయుష్షును లెక్కగట్టే బ్లాక్ సమీకరణం తెలిసిన ఎగ్జామినర్ దాన్ని పక్కన పెడతారు. పోల్చే రెండు తీగల పొడవూ ఒకటే ఉండాలి. తీగ బాగా పొట్టిదైతే ఎదురు ఒత్తిడి వల్ల లోహపు అణువుల కదలిక దానంతటదే ఆగుతుంది, అదే బ్లెచ్ ప్రభావం. మీది పొట్టి తీగ, పోల్చింది పొడవు తీగ అయితే ఆ లాభం మీ ఆవిష్కరణది కాదు.

సవరణ, హియరింగ్

సెక్షన్ 59 ఇరుకైన గుమ్మం. నిరాకరణ, దిద్దుబాటు, వివరణ, ఈ మూడు రూపాల్లోనే సవరణ. కొత్త విషయం చేరకూడదు, కొత్త క్లెయిమ్ పాతదాని పరిధి దాటకూడదు. పైన చెప్పిన "నేరుగా తాకుతూ" కూడా స్పెసిఫికేషన్‌లో మాటగానో బొమ్మగానో లేకపోతే చేరదు. అందుకే దరఖాస్తు రాసే రోజే మూడు బొమ్మలు ఉండాలి: పైనుంచి ఒకటి, తీగ వెంబడి కోత, తీగకు అడ్డంగా కోత. పైనుంచి చూసిన బొమ్మ ఒక్కటే ఉన్న దరఖాస్తును 3(ఓ) నుంచి కాపాడటం దాదాపు కుదరదు. నిర్మాణానికీ తయారీ పద్ధతికీ రెండు స్వతంత్ర క్లెయిములు ఉంటే, అవరోధం లేని వయా అడుగు లాంటి ఒకే లక్షణం రెండింట్లోనూ కనిపించేలా చూడండి. లేకపోతే ఏకత్వం (ఒక దరఖాస్తులో ఒకే ఆవిష్కరణ ఉండటం) మీద సెక్షన్ 10(5) అభ్యంతరం వస్తుంది.

హియరింగ్ వీడియోలో జరుగుతుంది, దొరికే సమయం తక్కువ. డి1 కోత, మీ కోత ఒకే పేజీలో పక్కపక్కన, ఒకే పదార్థానికి ఒకే రంగు వేసి ముందే పంపండి. రాగికి ఒక బొమ్మలో పసుపు, ఇంకో బొమ్మలో నారింజ వేస్తే మొదటి పది నిమిషాలు దానికే పోతాయి. లిఖిత వాదనలకు, చివరి క్లెయిములకు హియరింగ్ తర్వాత 15 రోజులు. తిరస్కరిస్తే 3 నెలల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. స్పెసిఫికేషన్‌లో ఇంకో ఆవిష్కరణ మిగిలి ఉండి దానికి డివిజనల్ (అసలు దరఖాస్తు నుంచి విడదీసిన దరఖాస్తు) వేయాలనుకుంటే మాత్రం నిర్ణయం వచ్చేదాకా ఆగకండి. అసలు దరఖాస్తు ఇంకా పెండింగ్‌లో ఉండగానే, వీలైతే హియరింగ్ తేదీకి ముందే అది ఆఫీసులో పడాలి.