ఎగువకు రైలు, దిగువకు పడవ: క్యోటో దగ్గర హొజు నదిలో ఒక రోజు

క్యోటోకి పడమర పక్కన, కమెయోకా ఊరి నుంచి అరాషియామా దాకా హొజు నది కొండల మధ్య వంకర్లు తిరుగుతూ వస్తుంది. ఆ లోయలో ఎగువకు సగానో టొరొక్కో అనే పర్యాటక రైల్లో వెళ్ళి, దిగువకు పడవలో రావచ్చు. పడవలు దిగువకే నడుస్తాయి కాబట్టి, రెండూ కలిపి చూడాలంటే ఎగువకు రైలు, దిగువకు పడవ అన్నదే వీలు.

చాలామంది ముందు రైలు టికెట్ కొనేసి, పడవ సంగతి అక్కడికి వెళ్ళాక చూసుకుందామనుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. రైలు 25 నిమిషాల ముచ్చట, టికెట్ 880 యెన్‌లు. పడవ దాదాపు 2 గంటలు, టికెట్ 6,000 యెన్‌లు. పైగా వానలకు నది పెరిగితే ముందు ఆగేది పడవే. అందుకని పడవ వేళ ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి రైలు ఎంచుకోవాలి. పిల్లలకు రైల్లో 440, పడవలో 4,500 యెన్‌లు. క్యోటో నుంచి రానూపోనూ ఛార్జీలు, మధ్యలో బస్సు కూడా కలిపి పెద్దవాళ్ళకు తలా 8,000 యెన్‌లు పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. తిండి ఖర్చు వేరు.

రోజు ఎంచుకోవడం

రైలు మార్చి 1 నుంచి డిసెంబరు నెలాఖరు దాకా నడుస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉండదు. బుధవారాలు మామూలుగా సెలవు, రద్దీ సీజన్లలో మాత్రం బుధవారం కూడా నడుపుతారు. పడవలు కొత్త సంవత్సరం సెలవులు, తనిఖీ కోసం ఆపే కొద్ది రోజులు తప్ప ఏడాది పొడవునా ఉంటాయి. చలికాలంలో చుట్టూ ప్లాస్టిక్ తెరలు కట్టి, లోపల హీటర్ పెట్టి నడుపుతారు. కాబట్టి సంక్రాంతి సెలవుల్లో జపాన్ వెళ్ళేవాళ్ళకు పడవ ఒక్కటే దొరుకుతుంది. జేఆర్ (జపాన్ రైల్వేస్) రైల్లో నేరుగా కమెయోకా వెళ్ళి పడవ ఎక్కవచ్చు.

చెర్రీ పూలకు ఏప్రిల్ మొదటి సగం, ఎర్రబడ్డ ఆకులకు నవంబరు రెండో సగం నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా మంచి అదను. జనం తాకిడీ అప్పుడే. మే నెల సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ, మొదటి వారంలో వచ్చే జపాన్ సెలవుల రద్దీ తగ్గాక కొండలన్నీ లేత పచ్చగా ఉంటాయి, టికెట్లు తేలిగ్గా దొరుకుతాయి. జూన్‌లోనూ జులై మొదటి సగంలోనూ వానలు, సెప్టెంబరులో తుపాన్లు. ఆ రోజుల్లో అయితే పడవ రద్దయ్యే అవకాశాన్ని ముందే లెక్కలో పెట్టుకోండి. ప్రయాణం రోజు పొద్దున్నే పడవల వెబ్‌సైట్ ఒకసారి చూసి కదలండి. క్యోటోలో ఎండ కాస్తున్నా, ముందు రోజు ఎగువ కొండల్లో పడ్డ వాన నదిలో ఇంకా దిగుతూ ఉండవచ్చు.

రైలు

క్యోటో స్టేషన్లో జేఆర్ సగానో లైన్ ప్లాట్‌ఫారాలు 32, 33 స్టేషన్‌కి పడమటి కొసన ఉంటాయి. ప్రధాన ద్వారం నుంచి అక్కడికి నడవడానికే ఐదు నిమిషాలకు పైగా పడుతుంది. సగా-అరాషియామా దాకా 240 యెన్‌లు, లోకల్లో పావుగంట పైచిలుకు. అదే వైపు నుంచి దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లూ బయల్దేరతాయి. అవి మామూలుగా సగా-అరాషియామాలో ఆగకుండా పోతాయి, వాటికి అదనపు టికెట్ కూడా కావాలి. బోర్డు మీద లోకల్ లేదా రాపిడ్ అని చూసుకుని ఎక్కండి. దిగాక దక్షిణం వైపు గుమ్మం దాటితే పక్కనే టొరొక్కో సగా స్టేషన్.

టొరొక్కో రైలును నడిపేది వేరే సంస్థ. జేఆర్ పాస్ ఇక్కడ చెల్లదు. సీట్లన్నీ రిజర్వుడే, టికెట్లు నెల ముందు నుంచి ఆన్‌లైన్లో దొరుకుతాయి. దొరక్కపోతే ఆ రోజు టికెట్ల కోసం పొద్దున్నే టొరొక్కో సగా కౌంటరు దగ్గరికి చేరాలి. ఉదయం కమెయోకా వైపు వెళ్ళే బళ్ళు ముందు నిండిపోతాయి. వన్‌వే టికెట్టే కొనండి. తిరుగు ప్రయాణం పడవలో కదా, రానూపోనూ కొన్నవాళ్ళకు ఒక టికెట్ దండగ.

ఈ దారి ఒకప్పుడు సాన్-ఇన్ ప్రధాన రైలు మార్గం. 1989లో సొరంగాల గుండా కొత్త డబుల్ లైన్ వేసి పాత పట్టాలను వదిలేశారు. 1991లో వాటినే బాగుచేసి పర్యాటక రైలు మొదలుపెట్టారు. దూరం 7.3 కిలోమీటర్లు. పెట్టెలు పాత గూడ్స్ వ్యాగన్లను మార్చి చేసినవి, కూర్చోవడానికి చెక్క బెంచీలు. మెత్తటి సీటు ఆశించకండి.

ఏ పక్క కూర్చోవాలన్నది అందరూ అడిగే ప్రశ్న. కమెయోకా వైపు వెళ్తున్నప్పుడు నది మొదట ఎడమ చేతి పక్క ఉంటుంది. కాసేపటికి వంతెన దాటాక కుడి పక్కకు మారి, చివరిదాకా అటే ఉంటుంది. అంటే కుడివైపు సీటుకు నది ఎక్కువసేపు కనబడుతుంది. ఎడమ పక్క దొరికితే దిగులేం లేదు, ఎటూ కాసేపట్లో ఆ నీళ్ళ మీదే కూర్చోబోతున్నారు. ఐదో పెట్టెకు అద్దాల కిటికీలు లేవు, పక్కలన్నీ తెరిచే ఉంటాయి. ఎండ రోజున అదే మేలు. వాన జల్లు పడితే మాత్రం లోపల కూర్చున్నవాళ్ళు తడుస్తారు, మార్చిలోనూ డిసెంబరులోనూ చలికి వణుకుతారు. మిగతా నాలుగు పెట్టెలకు కిటికీలున్నాయి, తెరుచుకోవచ్చు.

కమెయోకాలో చేసే పొరపాటు

ఈ ప్రయాణంలో గుర్తుంచుకోవాల్సిన అసలు సంగతి: రైలు దిగే టొరొక్కో కమెయోకా స్టేషన్ వేరు, జేఆర్ కమెయోకా స్టేషన్ వేరు. పడవల రేవు రెండో దానికి దగ్గర. టొరొక్కో కమెయోకా పొలాల మధ్య ఉంటుంది. అక్కడి నుంచి రేవుకు బస్సులో దాదాపు పావుగంట. బస్సులు రైలు వేళలకు తగ్గట్టే ఉంటాయి. కానీ రైలు దిగినవాళ్ళంతా ఒక్కసారే క్యూ కడతారు, కాబట్టి స్టేషన్లో ఉన్న బొమ్మలతో ఫొటోలు తర్వాత. బస్సుకు చిల్లర దగ్గర పెట్టుకోండి.

బస్సు తప్పితే కంగారు పడక్కర్లేదు. టొరొక్కో కమెయోకా నుంచి పది నిమిషాలు నడిస్తే జేఆర్ ఉమాహొరి స్టేషన్ వస్తుంది. అక్కడ రైలెక్కితే ఒకే ఒక్క స్టాపు, కమెయోకా. ఉత్తరం వైపు దిగి, పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం పక్కగా నది వైపు పది నిమిషాలు నడిస్తే రేవు. రైలు ఎప్పుడొస్తుందన్న దాన్నిబట్టి మొత్తం ముప్పావు గంట దాకా పట్టవచ్చు. అందుకే టొరొక్కో కమెయోకా చేరే వేళకూ పడవ వేళకూ మధ్య గంటకు తక్కువ ఉంచుకోవద్దు, గంటన్నర ఉంటే నిశ్చింత. ఉదాహరణకు పదింటి ప్రాంతపు టొరొక్కో ఎక్కితే పది గంటల ఇరవై ఐదుకల్లా అక్కడ దిగుతారు. పన్నెండు గంటల పడవ పట్టుకుంటే రెండింటికి అరాషియామాలో ఉంటారు.

రేవులో చివరి పని బాత్రూమ్‌కి వెళ్ళి రావడం. రైల్లో లేదు, పడవలోనూ ఉండదు. దారిలో ఆపరు. చిన్న పిల్లలతో వెళ్ళేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

పడవ

పాపికొండల లాంచీని ఊహించుకుని వెళ్ళకండి. ఇవి అడుగు బల్లపరుపుగా, అంచులు పొట్టిగా ఉండే పొడవాటి పడవలు. కూర్చుంటే నీళ్ళు చేతికందేంత దగ్గర. సాధారణంగా ముగ్గురు నడుపుతారు. ముందు నిలబడ్డ మనిషి చేతిలో పొడవాటి వెదురు గెడ, ఒకరు తెడ్డు వేస్తారు, వెనక ఒకరు చుక్కాని పడతారు. గాలి ఎక్కువున్నా నీళ్ళు పెరిగినా ఇంకొకరిని కలుపుతారు. దారి 16 కిలోమీటర్లు. నీటిమట్టాన్నిబట్టి ఒకరోజు గంటన్నరలోనే అయిపోతుంది, నీళ్ళు తగ్గినప్పుడు రెండు గంటలు దాటుతుంది. దిగాక వెంటనే పట్టుకోవాల్సిన రైలు ఏదీ పెట్టుకోకపోవడం మంచిది.

మొదటి అరగంట నెమ్మది. కమెయోకా మైదానంలో నది వెడల్పుగా, నింపాదిగా ఉంటుంది. ఇంతేనా అనిపిస్తుంది. ఆ తర్వాత కొండలు దగ్గరకొచ్చి, రాళ్ళ మధ్య ఇరుకు దారుల్లో పడవ జారడం మొదలవుతుంది. అలా నది వేగంగా కిందికి జారే చోట్లను జాలు అందాం. అన్నిటికన్నా పెద్దది కొఅయు జాలు, దాదాపు రెండు మీటర్ల వాలు. అలాంటి చోట్ల అంచున కూర్చున్నవాళ్ళు ప్లాస్టిక్ షీటు పైకి ఎత్తి పట్టుకోవాలి, పడవవాళ్ళే సైగ చేసి చెప్తారు. ముందు వరసలకు తుంపర ఎక్కువ. ఫోను మెడలో తాడుకు వేసుకోండి, లేదా జాలు వచ్చేటప్పుడు లోపల పెట్టేయండి.

ఈ నది మొదటి నుంచీ పడవలకు అనువైనది కాదు. 1606లో సుమినొకురా ర్యోఇ అనే క్యోటో వర్తకుడు రాళ్ళు పగలగొట్టించి, ఎగువ తంబా ప్రాంతపు బియ్యం, కలప, కట్టెలు పట్నానికి దింపడానికి దారి చేయించాడు. ఆ సరకు రవాణా గుర్తులు ఇప్పటికీ రాళ్ళ మీద ఉన్నాయి. గెడ పట్టిన మనిషి ఏ రాతిని పొడుస్తున్నాడో గమనించండి. తరతరాలుగా ఒకే చోట గెడ ఆనించడం వల్ల రాతిలో గుంటలు పడ్డాయి, ఇవాళ్టి గెడ కూడా సరిగ్గా ఆ గుంటలోకే దిగుతుంది. కొన్ని చోట్ల ఒడ్డు రాళ్ళకు సన్నటి గాడులు కనిపిస్తాయి. లారీలు రాకముందు ఖాళీ పడవలను మనుషులు తాళ్ళతో ఎగువకు లాక్కుని పోయేవాళ్ళు, ఆ తాళ్ళు ఒరుసుకున్న జాడలవి. ఇప్పుడు పడవలు లారీల మీద వెనక్కి పోతాయి. పడవవాళ్ళ కబుర్లన్నీ జపనీస్‌లోనే సాగుతాయి కాబట్టి, ఈ రెండూ ముందే తెలిసి ఉంటే కళ్ళతోనే పట్టుకోవచ్చు.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం వద్దు. 2023 మార్చి 28న ఇక్కడ చుక్కాని దగ్గరున్న మనిషి నీళ్ళలో పడిపోయి, పడవ అదుపు తప్పి రాతికి కొట్టుకుని తిరగబడింది. ఇద్దరు పడవవాళ్ళు చనిపోయారు. పడవలన్నీ ఆపేసి, రక్షణ ఏర్పాట్లు మార్చి, ఆ జులైలో మళ్ళీ మొదలుపెట్టారు. వాళ్ళు చూపించినట్టే బిగించుకోండి, ఫొటో కోసం విప్పకండి, కదిలే పడవలో లేచి నిలబడకండి. పసిపిల్లలు ఉంటే వయసు నిబంధన బుక్ చేసేటప్పుడే చూసుకోండి.

తిండి, తిరుగు దారి

అరాషియామా దగ్గర పడుతుండగా దుకాణం పడవ ఒకటి వచ్చి మీ పడవకు ఆనుకుంటుంది. కాల్చిన స్క్విడ్, ఓదెన్ (రసంలో ఉడికించిన ముక్కలు), తీపి సాస్ పూసిన బియ్యప్పిండి ఉండలు, చల్లటి డ్రింకులు అమ్ముతారు. నగదు ఉంచుకోండి. శాకాహారులు ఓదెన్‌కు దూరంగా ఉండాలి. అందులో ముల్లంగి ముక్క కనబడినా, ఉడికించింది చేపల రసంలో. కన్వీనియెన్స్ స్టోర్లలో ఉమె అనే పుల్లటి పండు ఊరగాయ పెట్టిన అన్నపు ముద్దల్లోనూ చేప సారం కలిసి ఉండవచ్చు, పేకెట్ మీద పదార్థాల పేర్లకు ఫోన్ కెమెరా పెట్టి చూసుకోండి. గది నుంచి పులిహోర కట్టుకొస్తే రేవులో పడవ ఎక్కేముందు తినడానికి హాయి.

మాంసం, చేప తగలని భోజనమే కావాలంటే తెన్ర్యూ-జి ఆలయం ఆవరణలో షిగెత్సు అనే భోజనశాల ఉంది, బౌద్ధ సన్యాసుల పద్ధతి వంట. అయితే అది మధ్యాహ్నం రెండింటి దాకానే. పైన చెప్పిన పన్నెండింటి పడవలో వస్తే అందదు. అలాంటివాళ్ళు వరస మార్చాలి: పొద్దున జేఆర్‌లో తిన్నగా కమెయోకా (420 యెన్‌లు), తొమ్మిది పది మధ్య పడవ, పన్నెండింటి లోపు అరాషియామా, భోజనం. తర్వాత వెదురు తోపులో నడిచి, దాని పక్కనే ఉన్న టొరొక్కో అరాషియామాలో రైలెక్కి కమెయోకా, అక్కడి నుంచి ఉమాహొరి నడిచి జేఆర్‌లో క్యోటో. ఈ వరసలో బస్సు బెడద లేదు, పడవ పొద్దున్నే రద్దయినా రైలు చేతిలో ఉంటుంది. కుటుంబంతో వచ్చేవాళ్ళకు నిజానికి ఇదే నయం, ఎందుకో గైడ్లు దీన్ని రెండో ఎంపికగా పెడతాయి.

పెద్ద సూట్‌కేసులు క్యోటో స్టేషన్ లాకర్లలోనే వదిలి రండి.

ముందు రైలు, తర్వాత పడవ ఎక్కి వచ్చినవాళ్ళు దిగేది తొగెత్సుక్యో వంతెన దగ్గర. జేఆర్ సగా-అరాషియామా అక్కడి నుంచి పావుగంట నడక. మధ్యాహ్నం పూట క్యోటో సిటీ బస్సు ఎక్కవద్దు, రద్దీ రోజుల్లో వంతెన దాటడానికే అరగంట పడుతుంది. ఒసాకా పోయేవాళ్ళు క్యోటో స్టేషన్‌కి రానక్కర్లేదు. నడిచి వంతెన దాటితే హాంక్యూ అరాషియామా స్టేషన్ ఉంది, కత్సురాలో రైలు మారితే నేరుగా ఒసాకా-ఉమెదా.