వంగే ఎలక్ట్రానిక్స్ కోసం నానో పదార్థాలు – పాఠం 4: వంపు లెక్క

గత పాఠంలో వాహక పొర నిరోధాన్ని కొలవడం చూశాం. ఈసారి ఆ పొరను వంచుదాం. అయితే వంచే ముందే, పగులుతుందో లేదో కాగితం మీద తేల్చుకుందాం.

ఫిల్మును వంచితే బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. మధ్యలో ఎక్కడో సాగకుండా, నొక్కుకోకుండా ఉండే తలం ఒకటి ఉంటుంది. దానికే తటస్థ తలం అని పేరు. ఫిల్ము అంతా ఒకే పదార్థమైతే అది సరిగ్గా మధ్యలో ఉంటుంది. బయటి ఉపరితలం అసలు పొడవులో ఎంత వంతు సాగిందో చెప్పేది వికృతి:

వికృతి = మందం ÷ (2 × వంపు వ్యాసార్ధం)

ప్రయోగంలో ఫిల్మును గుండ్రటి కడ్డీకి చుడతాం. ఫిల్ము బాగా పల్చగా ఉంటే 2 × వ్యాసార్ధం అంటే దాదాపు కడ్డీ వ్యాసమే. కాబట్టి మందాన్ని కడ్డీ వ్యాసంతో భాగిస్తే చాలు.

అర మిల్లీమీటరు సిలికాన్ పలకను 10 మి.మీ. కడ్డీకి చుట్టాలంటే వికృతి 5 శాతం. మామూలు పలక అంత దూరం రాదు, ముందే విరుగుతుంది. అదే సిలికాన్ 100 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) మందమే ఉంటే వికృతి 0.001 శాతం. పదార్థం అదే, మందం ఒక్కటే మారింది. వంగే పరికరాలకు పల్చటి పొరల మోజు ఎందుకో ఈ ఒక్క లెక్క చెప్పేస్తుంది.

కానీ ఆ పొర గాల్లో వేలాడదు కదా! 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ప్లాస్టిక్ మీద కూర్చుంటుంది. అప్పుడు లెక్కలో వేయాల్సింది ప్లాస్టిక్ మందం: 0.1 ÷ 10, అంటే 1 శాతం. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. టచ్ స్క్రీన్లలో వాడే పారదర్శక వాహకం ఇండియం టిన్ ఆక్సైడ్ పెళుసు. ఒకటి రెండు శాతం వికృతికే పగుళ్లు మొదలవుతాయి. పదే పదే వంచితే ఇంకా ముందే. వంపుకు లోపలి వైపు ఉంచితే కొంత నయం, నొక్కుడును అది సాగుడు కంటే బాగా ఓర్చుకుంటుంది.

తప్పించుకోవడానికి ఒక దారి ప్లాస్టిక్‌ను పల్చన చేయడం. నాకు నచ్చేది మాత్రం ఇంకొకటి. అంతే మందం, అంతే గట్టిదనం ఉన్న మరో ప్లాస్టిక్‌ను పైన అతికిస్తే తటస్థ తలం వచ్చి మన పొర మీదే పడుతుంది, వికృతి సున్నాకు దగ్గరవుతుంది. అతికించే జిగురు మరీ మెత్తగా ఉండకూడదు. మెత్తనైతే రెండు ప్లాస్టిక్‌లూ ఎవరి దారిన అవి వంగుతాయి, ఈ ఎత్తు పారదు.

పదార్థాన్నే మార్చవచ్చు కూడా. వెండి నానోతీగల వల సాగినా తీగల మధ్య ఆనుకునే చోట్లు చాలావరకు నిలుస్తాయి. ఒకే అణువు మందమున్న కార్బన్ పొర గ్రాఫీన్ దాదాపు 25 శాతం దాకా సాగగలదని 2008లో కొలిచారు. ఆ అంకె చూసి మురిసిపోవద్దు, అది లోపాల్లేని చిన్న ముక్క సంగతి. పెద్ద షీట్లలో అతుకులూ చిరుగులూ ఉంటాయి.

క్వాంటం పరికరాల దగ్గర కథ తిరగబడుతుంది. అక్కడ వికృతిని కావాలనే తెస్తారు. టంగ్‌స్టన్ డైసెలినైడ్ అనే అర్ధవాహకపు ఏక పొర నుంచి ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) విడివిడిగా వెలువడుతుందని 2015లో గుర్తించారు. ఆ పొరను నానో స్తంభాల మీద పరిస్తే కొనల దగ్గర సాగుతుంది, బాగా చల్లబరిచినప్పుడు ఆ చోట్లే ఫోటాన్ మూలాలవుతాయి. అంటే వాటిని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. 2017లో ఇలా వరుసల్లో పేర్చి చూపించారు. కొన దగ్గరి వంపుకు మాత్రం పై సూత్రం నేరుగా వర్తించదు, అక్కడ పొర వంగడం కంటే అన్ని వైపులా లాగబడడం ఎక్కువ.

అభ్యాసం: 50 మైక్రాన్ల ఫిల్ము మీద ఉన్న పొర 0.5 శాతం వికృతినే తట్టుకుంటుంది. ఎంత వ్యాసం కడ్డీ దాకా చుట్టవచ్చు? ఫిల్మును 25 మైక్రాన్లకు తగ్గిస్తే? మీకు 10 మి.మీ., 5 మి.మీ. రావాలి. రాకపోతే మైక్రాన్లను మిల్లీమీటర్లలోకి మార్చారో లేదో చూడండి.

వచ్చే పాఠంలో వంచుతూనే నిరోధం కొలుద్దాం.