పెరట్లో ఎవర్‌గ్రీన్ హకల్‌బెర్రీ పెంచడం ఎలా?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మొదలుకొని కాలిఫోర్నియా దాకా, పసిఫిక్ తీరపు అడవుల్లో డగ్లస్ ఫర్, రెడ్‌వుడ్ చెట్ల నీడన సహజంగా పెరిగే పొద ఎవర్‌గ్రీన్ హకల్‌బెర్రీ. ఇది బ్లూబెర్రీ జాతికి చెందినదే అయినా దీని ఆకులు చలికాలంలో రాలిపోవు. కొత్త చిగుళ్లు రాగి రంగులో ఎంతో అందంగా ఉంటాయి. సియాటిల్, పోర్ట్‌లాండ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారు పెరట్లో వేసుకోదగిన పండ్ల పొదల్లో నేను దీనికే మొదటి స్థానం ఇస్తాను. మన నల్లరేగడి నేలలకూ, మన ఎండలకూ మాత్రం ఇది తగదు.

మొక్క కొనడానికి ముందే మట్టిని పరీక్షించండి. మట్టి ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లు దాన్ని తీసుకోలేవు కనుక, లేత ఆకులు ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి పసుపుబారుతాయి. అటువంటి నేలలో నాటడానికి కొన్ని నెలల ముందే గంధకం పొడి కలపాలి. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చడానికి అంత సమయం పడుతుంది. కాంక్రీటు గోడ నుంచి సున్నం మట్టిలోకి దిగుతుంది కాబట్టి, గోడ పక్కన నాటవద్దు. కూరగాయల పాదుల్లో అలవాటుగా వేసే బూడిద, కోడిగుడ్డు పెంకులు, పశువుల ఎరువు దీని దరిదాపులకు కూడా రానివ్వకండి.

వానలు మొదలయ్యే అక్టోబరు నాటడానికి అనువైన సమయం. కుండీకి రెండింతల వెడల్పుతో, కుండీ లోతుకు మించకుండా గుంత తీసి, వేళ్ల ముద్ద పైభాగం నేలమట్టానికి కాస్త ఎత్తులో ఉండేలా నాటి, చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన ఫర్ చెట్టు బెరడు ముక్కలు పరచాలి. బెరడు కాండానికి తగలకూడదు. వేళ్లు నేల పైపొరలోనే అల్లుకుంటాయి కనుక పాదు తవ్వకుండా, కలుపును చేతితోనే తీయాలి.

నీడలో పొద ఎనిమిది అడుగులు దాటి పెరగగలదు గాని కాయలు తక్కువ. ఎండలో పొట్టిగా, గుబురుగా ఉండి బాగా కాస్తుంది. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ ఉన్న చోటు ఉత్తమం. మొదటి రెండు మూడు వేసవుల్లో మట్టి ఎండిపోకుండా నీళ్లు పోయాలి, అయితే నీరు నిలవకూడదు. వసంతంలో, ఆమ్ల నేలను ఇష్టపడే అజేలియా పూల మొక్కలకు వేసే ఎరువు కొద్దిగా చాలు.

ఎదుగుదల నిదానం, తొలి ఏళ్లలో పిడికెడు పండ్లే వస్తాయి. రెండు మూడు పొదలు దగ్గరగా ఉంటే తుమ్మెదల వల్ల కాపు పెరుగుతుంది. ఆగస్టు చివర నుంచి నల్లబడే పండ్లను తొందరపడి కోయకండి. మంచు పడ్డాక తీపి ఎక్కువవుతుంది.