స్కూలు పేరెంట్స్ గ్రూపును ఆన్‌లైన్‌లో వెతికి పట్టుకోవడం ఎలా?

పిల్లల క్లాసు గ్రూపు గూగుల్‌లో దొరకదు. వాట్సాప్‌లో లోపలున్నవాళ్లు చేరిస్తేనో, లింకు పంపితేనో తప్ప దారి లేదు. కాబట్టి ఆ గ్రూపులో ఉన్న ఒక్క తల్లినో తండ్రినో పట్టుకోగలిగితే చాలు. నెట్‌లో వెతుకులాటంతా అందుకే.

ముందు స్కూలు పూర్తి పేరు, బ్రాంచి తేల్చుకోండి. హైదరాబాద్‌లో ఒకే పేరుతో చాలా బ్రాంచీలు నడుస్తాయి. కొండాపూర్ బ్రాంచి గ్రూపులో చేరితే కొంపల్లి వాళ్లకు ఒరిగేదేమీ లేదు. దేశంలోని స్కూళ్ల వివరాలుండే ప్రభుత్వ సైటు యూడైస్ ప్లస్‌లో 'నో యువర్ స్కూల్' తెరిచి రాష్ట్రం, జిల్లా, మండలం ఎంచుకుంటే స్కూలు నమోదైన పేరు, 11 అంకెల కోడు కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది తడబడతారు. గచ్చిబౌలి, కొండాపూర్ రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. కూకట్‌పల్లి, కొంపల్లి మేడ్చల్-మల్కాజిగిరిలో. హైదరాబాద్ జిల్లాలో వెతికితే ఈ స్కూళ్లేవీ రావు.

సీబీఎస్ఈ స్కూలైతే ఇంకో దారి ఉంది. బోర్డు నిబంధన ప్రకారం ప్రతి స్కూలూ తన వెబ్‌సైటులో 'మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్' పేజీ పెట్టాలి. ఫీజుల వివరాలు, గత మూడేళ్ల బోర్డు ఫలితాలతో పాటు పేరెంట్ టీచర్ అసోసియేషన్ సభ్యుల జాబితా కూడా అందులో ఉండాలి. జాబితా ఏ సంవత్సరానిదో తప్పక చూడండి. పాతదే ఏళ్ల తరబడి ఉంచేస్తుంటారు. అందులోని పేర్లు పట్టుకుని వాళ్ల ఫేస్‌బుక్ ఖాతాలు వెతకొద్దు. ఆఫీసుకు ఫోన్ చేసి, మీ నంబరు ఆ సభ్యులకు అందజేయమనండి. ప్రభుత్వ బడి అయితే 2024లో ఏర్పాటైన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ గురించి హెడ్‌మాస్టరునే అడగొచ్చు.

ఫేస్‌బుక్‌లో స్కూలు పేరు, ఏరియా, 'పేరెంట్స్' అనే మాట కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో వెతకండి. స్పెల్లింగు మార్చి మార్చి చూడాలి: 'పల్లి' చివర ఒకసారి వై, ఒకసారి ఐ; దిల్‌సుఖ్‌నగర్‌లో హెచ్ ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి. గ్రూపు దొరికాక 'అబౌట్' నొక్కితే ఎప్పుడు పెట్టారో, పేరు ఎప్పుడు మార్చారో తెలుస్తుంది. ఈమధ్యే పేరు మారి, ప్లాట్ల ప్రకటనలతో నిండిన గ్రూపైతే వదిలేయండి. చేరేటప్పుడు అడిగే ప్రశ్నలను ఖాళీగా వదిలితే అడ్మిన్లు అనుమతించరు. ఒక్క వాక్యమైనా రాయండి.

అన్నిటికన్నా ఎక్కువగా పనిచేసేది అపార్ట్‌మెంటు గ్రూపు లేదా కాలనీ గ్రూపు. మైగేట్ వంటి అపార్ట్‌మెంట్ల యాప్‌లోనూ అడగొచ్చు. ఇంత రాస్తే సరిపోతుంది: "నమస్తే అండి. ఫలానా స్కూలు, ఫలానా బ్రాంచిలో మూడో తరగతి పేరెంట్స్ ఎవరైనా ఉన్నారా? క్లాస్ గ్రూపులో చేరాలి. నాకు విడిగా మెసేజ్ పెట్టగలరు." పిల్లల పేరు, సెక్షను, బస్సు నంబరు, ఫొటో పెట్టకండి. స్కూలు వ్యాను డ్రైవరునూ అడగండి. ఆ రూటు తల్లిదండ్రుల నంబర్లన్నీ ఆయన దగ్గరే ఉంటాయి.

అడగడానికి సమయం ముఖ్యం. సెక్షన్లు ఏటా మారతాయి కనుక గ్రూపులూ కొత్తగా పుడతాయి. నిరుడు ఇచ్చిన లింకు పాత గ్రూపుకే తీసుకెళ్తుంది. సీబీఎస్ఈ స్కూళ్లకు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో, స్టేట్ సిలబస్ వాళ్లకు జూన్ రెండో వారంలో అడగండి.

"యాడ్ అవ్వట్లేదండీ" అని అడ్మిన్ అంటే, మీరు మీ వాట్సాప్ ప్రైవసీ సెట్టింగుల్లో 'గ్రూప్స్' దగ్గర 'మై కాంటాక్ట్స్' ఎంచుకుని ఉంటారు. ఆ సెట్టింగు మంచిదే, మార్చొద్దు; అడ్మిన్ నంబరు సేవ్ చేసుకుంటే చాలు.

టీచర్లు నడిపే గ్రూపులో సాధారణంగా అడ్మిన్లు మాత్రమే రాస్తారు. ఫీజులు, బస్సుల మీద మాట్లాడుకునేది తల్లిదండ్రులు విడిగా పెట్టుకున్న గ్రూపులో. రెండూ ఉన్నాయేమో అడగండి. ఫీజుల సమస్య ఒక్క స్కూలుకు పరిమితం కానప్పుడు హైదరాబాద్ స్కూల్ పేరెంట్స్ అసోసియేషన్ వంటి నగర స్థాయి సంఘాల సోషల్ మీడియా పేజీలు చూడండి.

బయట అందరికీ కనిపించేలా పెట్టిన లింకుతో ఎవరైనా లోపలికి రావచ్చు, మీ నంబరు వాళ్లందరికీ కనిపిస్తుంది. అలాంటి గ్రూపులో సీటు ఇప్పిస్తామని అడ్వాన్సు అడిగినా, ఫీజు రసీదు పేరుతో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) పంపినా, డబ్బు ఇవ్వకుండా, ఫైలు తెరవకుండా బయటికి వచ్చేయండి. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.