అమెరికా జీవిత భాగస్వామి వీసా: పెళ్లి నిజమైనదని చూపే ఆధారాలను సమకూర్చుకునే విధానం

అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ ఉన్నవారు ఇక్కడ పెళ్లి చేసుకుని భార్యను లేదా భర్తను తమ దగ్గరకు తీసుకువెళ్లాలంటే, ముందుగా యూఎస్‌సీఐఎస్ అనే వలస సేవల సంస్థకు ఐ-130 పిటిషన్‌ను, దానితోపాటు జీవిత భాగస్వామి వివరాలు నింపిన ఐ-130ఏ ఫారాన్ని సమర్పించాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రుసుముల ప్రకారం పిటిషన్‌కు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద పంపితే 675 డాలర్లు చెల్లించాలి. హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులు తీసుకునే హెచ్-4 వీసా దారి వేరు, దాని గురించి ఇక్కడ చెప్పడం లేదు.

ఈ పిటిషన్‌లో అధికారులు రెండు విషయాలను విడివిడిగా పరిశీలిస్తారు. ఆ పెళ్లి జరిగిన చోటి చట్టం ప్రకారం చెల్లుతుందా అన్నది మొదటిది. పెళ్లి చేసుకున్న నాటికి ఆ ఇద్దరికీ కలిసి కాపురం చేయాలన్న ఉద్దేశం ఉందా, లేక వలస ప్రయోజనం కోసమే పెళ్లి అనిపించారా అన్నది రెండోది. వివాహ ధ్రువపత్రం మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు. రెండో ప్రశ్నకు జవాబిచ్చే బాధ్యత పూర్తిగా దరఖాస్తుదారులదే, అయితే అనుమానానికి తావే లేనంతగా రుజువు చేయమని ఎవరూ అడగరు. అన్నింటినీ కలిపి చూసినప్పుడు ఈ పెళ్లి నిజమైనదే అన్న వైపు తూకం మొగ్గితే చాలు.

ధ్రువపత్రం విషయంలో మన కుటుంబాలు ఎక్కువగా పొరబడేది తేదీ దగ్గర. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన వివాహాల నిర్బంధ నమోదు చట్టం ఉన్నా, గుడిలో ఇచ్చిన రసీదుతోనో కల్యాణ మండపం బిల్లుతోనో సరిపెట్టుకున్నవారు ఇప్పటికీ ఉన్నారు. అవి పెళ్లి జరిగిందనడానికి ఊతమిస్తాయి గానీ, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ధ్రువపత్రానికి బదులు కావు. ఇంకొందరు వీసా పని త్వరగా మొదలవుతుందని ముహూర్తానికి కొన్ని నెలల ముందే హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించి, అసలు పెళ్లి తర్వాత చేస్తారు. ఇది మంచి పద్ధతి కాదు. ఆ చట్టంలోని 8వ సెక్షన్ అప్పటికే సంప్రదాయం ప్రకారం జరిగిన పెళ్లిని నమోదు చేయడానికి ఉద్దేశించింది. వివాహ క్రతువు జరగకుండా తీసుకున్న ధ్రువపత్రం ఆ ఇద్దరినీ భార్యాభర్తలను చేయదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, వీసాల కోసం ముందుగానే నమోదు చేయించుకునే ధోరణిని ఆ తీర్పులోనే ప్రస్తావించింది. శుభలేఖ మీద ఒక తేదీ, ధ్రువపత్రంలో దానికి ముందు తేదీ కనిపిస్తే ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నకు నిజాయితీగా చెప్పగల జవాబు ఉండదు. క్రతువు కన్నా చట్టబద్ధమైన పెళ్లి ముందుగా అవసరమైనవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది.

ఇద్దరిలో ఎవరికైనా ఇంతకుముందు పెళ్లి జరిగి ఉంటే విడాకుల డిక్రీని లేదా మరణ ధ్రువపత్రాన్ని జతచేయాలి. డిక్రీ మన కోర్టులో వచ్చినదైతే, అప్పీలు గడువు ముగియకముందు, లేదా వేసిన అప్పీలు కొట్టివేతకు గురికాకముందు చేసుకున్న రెండో పెళ్లి చిక్కులు తెస్తుంది. హిందూ వివాహ చట్టంలో ఆ గడువు 90 రోజులు కాబట్టి డిక్రీ తేదీని, పెళ్లి తేదీని పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

పేర్ల విషయం మన వాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి. శుభలేఖ మీద ఇంటిపేరు ముందుంటుంది, దాని ముందు చి.ల.సౌ. అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరమే ఉంటుంది, బంధువులు పంపే వాంగ్మూలాల్లో మాత్రం ముద్దుపేరు చోటు చేసుకుంటుంది. ఇవన్నీ ఒకే వ్యక్తివని తెలియజేసే నోటరీ అఫిడవిట్‌ను ముందుగానే తయారుచేసుకోవడం మంచిది. ఐ-130లో జీవిత భాగస్వామి పేరును, చిరునామాను మాతృభాష లిపిలో రాయమని అడిగే భాగం కూడా ఉంది. అక్కడ తెలుగులో రాయాలి. తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం జతచేసి, అది సంపూర్ణంగా, సరిగ్గా ఉందని, తనకు రెండు భాషలూ వచ్చని అనువాదకుడు సంతకం చేసి ధ్రువీకరించాలి. శుభలేఖలోని చి., చి.ల.సౌ. వంటి మర్యాద పదాలను పేరులో భాగంగా కాకుండా మర్యాద పదాలుగానే అనువదించాలి.

ఇక అసలు ఆధారాల సంగతి. ఉమ్మడి ఆస్తి, ఇద్దరి పేర్ల మీద ఉన్న అద్దె ఒప్పందం, కలిపి నడుపుతున్న ఖాతాలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆ పెళ్లి గురించి స్వయంగా తెలిసినవారి అఫిడవిట్లు అంటూ ఐ-130 సూచనలు కొన్నింటిని పేర్కొంటాయి. పెద్దలు కుదిర్చిన సంబంధంలో, సెలవు మీద వచ్చిన అబ్బాయో అమ్మాయో పెళ్లి చేసుకుని కొద్ది వారాల్లో తిరిగి వెళ్లిపోతే వీటిలో చాలావరకు ఉండవు. లేనందుకు కంగారుపడి అప్పటికప్పుడు అద్దె ఒప్పందం లాంటివి సృష్టించుకోవడం చేయకూడని పని. ఎందుకు లేవో చెప్పి, ఉన్నవాటిని తేదీలవారీగా చూపడం సరైన దారి. అందుకు పిటిషన్‌తో ఒక వివరణ లేఖ ఉండాలి: సంబంధం ఎవరి ద్వారా వచ్చింది, పెళ్లిచూపులు ఎప్పుడు ఎక్కడ జరిగాయి, ఫోన్‌లో ఎప్పటినుంచి మాట్లాడుకున్నారు, నిశ్చితార్థం, పెళ్లి, ఆ తర్వాత కలిసి ఉన్న రోజులు, మళ్లీ కలిసిన ప్రయాణాలు. లేఖలోని ప్రతి వాక్యానికీ వెనక ఏదో ఒక కాగితం కనబడితే ఆ పిటిషన్ బలంగా ఉన్నట్టు.

ఆ కాగితాలు మన ఇళ్లలో చాలానే ఉంటాయి, పెళ్లి హడావుడి తగ్గాక వాటిని పారేస్తుంటాం. ఫంక్షన్ హాలుకు, వంటవాళ్లకు ఇచ్చిన అడ్వాన్సు రసీదులు, శుభలేఖ, విమాన టికెట్లు, బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలు, పెళ్లయ్యాక ఇద్దరూ వెళ్లిన ఊళ్లలో హోటల్ బిల్లులు, నెలనెలా ఇంటికి పంపిన డబ్బుకు రసీదులు, ఇవన్నీ పనికొస్తాయి. బీమా పాలసీలోను, ఉద్యోగంలోని రిటైర్మెంట్ ఖాతాలోను నామినీగా జీవిత భాగస్వామి పేరు మార్చిన పత్రం ఇంకా విలువైనది. ఎన్ఆర్ఐగా ఉన్నవారు విదేశీ సంపాదనను భారత్‌లో రూపాయల్లో దాచుకునే తమ ఎన్ఆర్ఈ ఖాతాలో భారత్‌లో నివసిస్తున్న జీవిత భాగస్వామిని ఉమ్మడి ఖాతాదారుగా చేర్చుకోవడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతిస్తుంది. అయితే తెరిచి వదిలేసిన ఖాతా కన్నా, అందులోంచి ఇంటి ఖర్చులు నడుస్తున్నట్టు చూపే స్టేట్‌మెంట్ ఎక్కువ చెబుతుంది.

ఫొటోలు వందల్లో పంపనక్కర్లేదు, ఇరవై ముప్పై చాలు. జీలకర్ర-బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలతోపాటు ఇరువైపుల తల్లిదండ్రులూ కనిపించే ఫొటోలను ఎంచుకుని, ఒక్కోదాని కింద తేదీ, ఊరు, అందులో ఉన్నవారి పేర్లు, వరసలు ఇంగ్లిష్‌లో రాయాలి. స్టూడియోలో తీయించుకున్నవాటి కన్నా సత్యనారాయణ వ్రతంలో, మొదటి సంక్రాంతికి అత్తవారింట్లో, స్నేహితుల ఇళ్లలో మామూలు బట్టల్లో తీసుకున్నవి ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి. ఆచారాలు తెలియని అధికారికి వింతగా అనిపించేవాటిని లేఖలో ఒక్క వాక్యంలో వివరించడం మంచిది. ఉదాహరణకు, పెళ్లయిన కొద్ది రోజులకే ఆషాఢం రావడంతో అమ్మాయి పుట్టింటికి వెళ్లి ఉంటే, ఆ నెలలో చిరునామా వేరుగా ఉండటానికి కారణం అదేనని రాయాలి.

వాట్సాప్ సంభాషణలను మొత్తంగా ముద్రించి పంపడం వల్ల ఉపయోగం లేదు. నెలకు ఒకటి రెండు పేజీలు, కాల్ వివరాలు చాలు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న తెలుగు కూడా తెలుగే కాబట్టి వాటికీ అనువాదం కావాలి. ఏకాంతానికి సంబంధించిన మాటలను, ఫొటోలను ఎవరూ పెట్టకూడదు, అవి అవసరం కూడా లేదు.

అఫిడవిట్లను తల్లిదండ్రులతో మాత్రమే ఇప్పించకుండా, పెళ్లికి వచ్చిన స్నేహితుడో, సహోద్యోగో, సంబంధం కుదిర్చిన పెద్దమనిషో ఇచ్చేలా చూడాలి. వాంగ్మూలం ఇచ్చేవారి పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఊరు, ఈ దంపతులతో పరిచయం, వారిని కలిసి చూసిన సందర్భాలు అందులో ఉండాలి. అందరూ ఒకే నమూనాలో పేర్లు మాత్రం మార్చి సంతకం చేసిన కాగితాలకు విలువ ఉండదు.

పిటిషన్ ఆమోదం పొందాక కేసు అమెరికా విదేశాంగ శాఖకు చెందిన నేషనల్ వీసా సెంటర్‌కు చేరుతుంది. అక్కడ వీసా దరఖాస్తుకు 325 డాలర్లు, ఆర్థిక పూచీ పత్రాల పరిశీలనకు 120 డాలర్లు చెల్లించి, డీఎస్-260 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి, ఐ-864 పూచీ పత్రాన్ని, పోలీస్ క్లియరెన్స్‌ను, ధ్రువపత్రాలను అప్‌లోడ్ చేయాలి. తెలుగు రాష్ట్రాల దంపతులకు ఈ ఇంటర్వ్యూ సాధారణంగా హైదరాబాద్‌లో కాక ముంబై కాన్సులేట్‌లో ఉంటుంది. పిటిషన్ వేసిన నాటి నుంచి ఇంటర్వ్యూ వరకు గడిచిన కాలానికి చెందిన కొత్త ఆధారాలను, అన్ని ఒరిజినల్స్‌ను వెంట తీసుకువెళ్లాలి, ఎందుకంటే రెండేళ్ల కిందటి ఫొటోలతో ఆగిపోయిన ఫైలు ఆ తర్వాత బంధం ఏమైందన్న అనుమానానికి చోటిస్తుంది. అడిగే ప్రశ్నలు మామూలువే: ఆయన ఎక్కడ పనిచేస్తారు, అత్తగారి పేరేమిటి, ఆఖరిసారి ఎప్పుడు కలిశారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం బట్టీపట్టిన జవాబు కన్నా మేలు. ఇంకా పత్రాలు కావాలంటే 221(జీ) కాగితం ఇస్తారు; పెళ్లి మీదే అనుమానం కలిగితే పిటిషన్‌ను తిరిగి యూఎస్‌సీఐఎస్‌కు పంపవచ్చు.

కాగితాలు మేమే తయారుచేసి పెడతామని చెప్పే ఏజెంట్లను దగ్గరకు రానివ్వకండి. వలస చట్టాన్ని తప్పించుకోవడానికే పెళ్లి చేసుకున్నారని తేలితే అమెరికా వలస చట్టంలోని 204(సీ) సెక్షన్ కింద ఆ విదేశీయుడి కోసం తర్వాత ఎవరు వేసిన పిటిషన్‌ను కూడా ఆమోదించరు. దొంగ పెళ్లికి అయిదేళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి. నిజమైన దంపతులు కూడా ఒక్క నకిలీ పత్రంతో తమ కేసును తామే అనుమానాల్లోకి నెట్టుకుంటారు.

అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే షరతులతో కూడిన రెండేళ్ల గ్రీన్ కార్డు మాత్రమే వస్తుంది. అది ముగియడానికి ముందున్న 90 రోజుల్లో ఆ షరతులు తొలగించమని కోరే ఐ-751 పిటిషన్‌ను ఇద్దరూ కలిసి దాఖలు చేయాలి. అందులోనూ ఇవే ఆధారాలు అడుగుతారు కాబట్టి, వెళ్లిన మొదటి నెల నుంచే అద్దె ఒప్పందంలో, కరెంటు బిల్లులో, కారు బీమాలో, పన్ను రిటర్నుల్లో ఇద్దరి పేర్లూ ఉండేలా చూసుకోవాలి.