ఒడియా బడిలో చదివిన మన పిల్లలకి కథలు కాని తెలుగు పుస్తకం ఎలా అలవాటు చేయాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం వైపు చాలా తెలుగిళ్ళలో పిల్లలు మాట్లాడేది తెలుగు, చదివేది ఒడియా, కాస్త పెద్దయ్యాక ఇంగ్లీషు. ప్రశ్నలు మాత్రం బోలెడు అడుగుతారు. తెలుగు పుస్తకం చేతిలో పెడితే రెండో పేజీ దాటరు, ఎందుకంటే అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడికి మూడు వందల పేజీలంటే కొండే. నేను మా మేనల్లుడికి ఒకసారి లావుపాటి చరిత్ర పుస్తకం ఇచ్చాను. ఏడాది తర్వాత అట్ట నలగకుండా తిరిగొచ్చింది. అప్పట్నుంచి పుస్తకం ఇవ్వడం మానేసి పేజీలు ఇస్తున్నాను.

ముందు ప్రశ్న దొరకాలి. "నీకేం ఇష్టం?" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, వాళ్ళంతట వాళ్ళు మాటల్లో ఏం అడుగుతారో చెవిన వేసుకోండి. నౌపడా బండి కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చున్నప్పుడు మావాడు అడిగాడు: "మావయ్యా, రైళ్ళు లేనప్పుడు కాశీకి ఎలా వెళ్ళేవారు?" ఇంతకంటే మంచి అవకాశం రాదు. ఆ ప్రశ్నకి ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' ఉంది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో మాటలు ఇంకో భాషలో చెప్పేవాడు. 1830 మేలో బయలుదేరి హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీ వెళ్ళి, తిరుగు ప్రయాణంలో కలకత్తా, పూరీ, గంజాం దారిన 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఎక్కడ దిగాం, దారి ఎలా ఉంది, నీళ్ళు, సరుకులు దొరుకుతాయా లేదా, ఇవన్నీ ఎప్పటికప్పుడు రాసుకుంటూ పోయాడు. ఆయన చనిపోయాక 1838లో పుస్తకం అచ్చయింది.

దీన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టించకండి. మనం ఉన్నది ఇక్కడ కాబట్టి పూరీ దాటి గంజాం వైపు వచ్చే భాగం తీయండి, తెలిసిన ఊరి పేరు కనబడగానే చదివేవాడు నిటారుగా కూర్చుంటాడు. మహారాష్ట్రలో చంద్రాపూర్, యవత్మాళ్ వైపు ఉన్న మనవాళ్ళయితే హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే భాగం తీయాలి. వచనం పాతది, వాక్యాలు పొడుగు, అందుకని మొదటి రెండు పేజీలు మీరే పైకి చదివి వినిపించండి. ఇది చాలా ముఖ్యం. కంటికి కష్టమైన తెలుగు చెవికి తేలిగ్గా ఎక్కుతుంది, ఇంట్లో వినే భాషే కదా. కులాల గురించి, ఆచారాల గురించి ఆయన అభిప్రాయాలు ఆ కాలానివి, ఆ సంగతి చదవకముందే చెప్పేయండి, దాచొద్దు.

"పూర్వం ఏం తినేవారు, ఏం ఆటలు ఆడేవారు" అని అడిగేవాళ్ళకి సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వచ్చింది, తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దీనికే. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి, కావ్యాల్లో అక్కడక్కడా ఉన్న ఆధారాలు ఏరి, జనం తిండీ, బట్టా, ఆటలూ, నమ్మకాలూ కూర్చిపెట్టారు. నాకు ఈ పుస్తకమంటే ప్రాణం, అయినా మొత్తం ఒకేసారి చదవమని ఎవరికీ చెప్పను. ఆటల భాగమో తిండి భాగమో చూసి, కాగితం ముక్క పెట్టి ఇవ్వండి. అమ్మమ్మ పక్కన కూర్చుని చదివితే ఇంకా బాగుంటుంది, "మేమూ ఇలాగే ఆడేవాళ్ళం" అని ఆవిడ అందుకుంటే ఆ పూటకి పుస్తకం మూసేసినా నష్టం లేదు.

ఒంటి గురించి, జబ్బుల గురించి అడిగేవాళ్ళకి హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'వైద్యుడు లేని చోట'. బొమ్మలు ఎక్కువ కాబట్టి తెలుగు తడుముకునేవాళ్ళకీ నడుస్తుంది. మందుల మోతాదులు మాత్రం పుస్తకం చూసి వేసుకోవద్దని గట్టిగా చెప్పండి, డాక్టర్ని అడగాల్సిందే.

మన చుట్టుపక్కల సవర గిరిజనులు మాట్లాడే సవర భాష గురించి ఎవరైనా అడిగితే పుస్తకం కంటే ముందు మనిషి గురించి చెప్పండి. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే పంతులుగా ఉండి, సవర మనుషుల్ని ఇంటికి పిలిచి వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి సొంత ఖర్చుతో బడులు పెట్టారు. సవర వ్యాకరణం 1931లో ఇంగ్లీషులో వచ్చింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. పుస్తకాల్లో గ్రాంథికం కాదు, వాడుక తెలుగే రాయాలని పండితులతో ఆయన వాదించిన సంగతీ చెప్పండి. ఇంత చెప్పాక ఇంకా కావాలంటే అప్పుడు ఆ వ్యాసాలు ఇవ్వండి. అంతకుముందు ఇస్తే ఆ వాదం ఎవరితో, ఎందుకో అర్థం కాదు.

ఇచ్చాక "అయిపోయిందా?" అని అడగొద్దు, అది హోంవర్క్ టెన్షన్ పెట్టినట్టే. వారం ఆగి ఇంకో రెండు పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. వీరాస్వామి, సురవరం పుస్తకాలు తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకోవచ్చు. అచ్చు ప్రతి కావాలంటే విశాఖ వెళ్ళేవాళ్ళ చేత తెప్పించండి, లేదా జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకి ఎవరు వెళ్తున్నారో ముందే కనుక్కుని చీటీ రాసి ఇవ్వండి.