ఆల్బమ్ మొత్తం విని మాట్లాడుకోవడం ఎలా: తిరుపతి మేడ మీద ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’

రాక్ సంగీతం వినేవాళ్లు తిరుపతిలో తక్కువేమీ లేరు. కాకపోతే విశ్వవిద్యాలయం హాస్టల్ గదుల్లోనో బైరాగిపట్టెడ అద్దె ఇళ్లలోనో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరికి వారే వింటుంటారు. అలాంటివాళ్లను ఓ ఆరుగురిని ఒకచోట కూర్చోబెట్టి ఒక ఆల్బమ్ మీద అభిప్రాయం అడిగితే, ‘అదిరింది’, ‘క్లాసిక్ అన్నా’ అన్న రెండు మాటల దగ్గరే సంభాషణ ఆగిపోతుంది, లేదా ఏ బ్యాండు గొప్పదన్న వాదులాటలోకి జారిపోతుంది. ఆల్బమ్‌ను కలిసి పూర్తిగా విని, ఒకరి మాట మరొకరి చెవికి పనికొచ్చేలా మాట్లాడుకోవడానికి మేము పాటిస్తున్న పద్ధతిని, పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ బృందం 1973 మార్చిలో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ను ఉదాహరణగా తీసుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటిసారి కూర్చునేవాళ్లు ఈ ఆల్బమ్‌తోనే మొదలుపెట్టడం మంచిది. నిడివి సుమారు 43 నిమిషాలే కనుక ఎవరికీ విసుగు పుట్టదు. పాటలు ఒకదానిలోంచి ఒకటి ఊరుతూ పోతాయి కనుక మధ్యలో లేచి వెళ్లాలనిపించదు. పైగా గడియారాలు, నాణేలు, అడుగుల చప్పుడు, మనుషుల మాటలు, గుండె కొట్టుకునే శబ్దం వంటివి ఇందులో ఎన్నో ఉన్నాయి కనుక సంగీతశాస్త్రం తెలియనివాళ్లు కూడా వేలుపెట్టి చూపించి మాట్లాడగలరు.

మనుషులు ఐదుగురి నుంచి ఎనిమిదిమంది వరకు ఉంటే చాలు. అందులో ఒకరిద్దరైనా ఈ ఆల్బమ్ ఎన్నడూ విననివాళ్లు ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే ఇరవై ఏళ్లుగా వింటున్నవాళ్ల చెవులు కొన్ని చోట్ల మొద్దుబారి ఉంటాయి. రాత్రి ఎనిమిది దాటాక, పగటి ఎండ మేడ గచ్చు మీంచి కాస్త దిగాక మొదలుపెట్టడం మేలు. తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారంలో మాత్రం పెట్టుకోవద్దు. ఆ మైకుల ముందు ఏ స్పీకరూ నిలవదు.

పరికరాల విషయంలో డబ్బు కంటే జాగ్రత్త ముఖ్యం. కుడి ఎడమలు వేరువేరుగా వినిపించే రెండు స్పీకర్లు ఉండాలి, ఎందుకంటే ‘ఆన్ ది రన్’లో అడుగుల చప్పుడు ఒక పక్క నుంచి మరో పక్కకు పరుగెత్తుతుంది, ఒకే డబ్బాలాంటి బ్లూటూత్ స్పీకరులో ఆ పరుగు కనబడదు. ఫోనులోంచి వినిపిస్తే పాటల వరుసను కలగలిపే షఫుల్‌ను ఆపాలి, పాటకూ పాటకూ మధ్య ఖాళీ రాకుండా చూసే సెట్టింగును పెట్టుకోవాలి, ఫోనును ఫ్లైట్ మోడ్‌లో ఉంచాలి. ఈ చివరిదాన్ని నేను అనుభవం మీదే నేర్చుకున్నాను: మా మొదటి సాయంత్రం, మాటల్లేని గొంతు ఆకాశానికి ఎక్కుతున్న చోట, మా మేనత్త ఫోన్ చేసి ఉప్పుచేప తెచ్చావా అని అడిగారు, ఆమె గొంతు రెండు స్పీకర్లలోంచీ మేడంతా వినబడింది. ఆ తర్వాత ఎవరూ ఆ పాట గురించి నవ్వకుండా మాట్లాడలేకపోయారు. అయితే ఈ ఆల్బమ్ చేసినవాళ్లకే మొదట్లో ఇంతకంటే పెద్ద ఇబ్బంది వచ్చింది. రికార్డు వెలువడడానికి ఏడాది ముందే, 1972 జనవరిలో ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఈ పాటల వరుసను మొదటిసారి వేదిక మీద వాయించినప్పుడు, ‘మనీ’ అనే పాట దగ్గర, శబ్దాలు వినిపించే టేపు మొరాయించి వాళ్లు దాన్ని మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది.

వినేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక చీటీ, ఒక పెన్సిలు ఉండాలి. మాట్లాడకూడదు, సైగలు చేయకూడదు, పక్కవాడి మొహం చూసి తల ఊపకూడదు. చెవి నిక్కిన ప్రతిచోటా నిమిషాన్ని రాసుకుని, పక్కన ఒకటి రెండు మాటలు రాస్తే సరిపోతుంది. బొరుగులు, మురుకుల వంటి కరకరలాడేవి తర్వాతకు పెట్టుకోవాలి. ఉడకబెట్టిన శనక్కాయలైతే నిశ్శబ్దంగా సాగుతాయి, మన జిల్లాలో వాటికి కొరతా లేదు. పాత రికార్డులో ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’తో మొదటి పక్క ముగిసి, ‘మనీ’తో రెండో పక్క మొదలవుతుంది కనుక, అక్కడ ఒక నిమిషం ఆపి కాళ్లు చాచుకోవడం ఆల్బమ్ పట్ల అపచారం కాదు.

ఇక అసలు పని, అభిప్రాయం చెప్పడం. మా దగ్గర ఒకే నియమం ఉంది: ఏ చోట, ఏం జరిగింది, అది నీకు ఏం చేసింది, ఈ మూడూ ఒకే మాటలో రావాలి. ‘టైమ్’ పాట గురించి ‘బాగుంది’ అన్నది ఎవరికీ పనికిరాదు. కిందటిసారి మాతో మొదటిసారి కూర్చున్న కుర్రాడు చీటీ చూసి ఇలా అన్నాడు: “ఏందన్నా ఇది, కళ్లు మూతలు పడతా ఉంటే ఒక్కసారిగా ఊళ్లో అలారాలన్నీ మోగినట్టుండాది. గుండె ఝల్లుమంది. ఆ తర్వాత ఎంతసేపటికీ పాడరే! రెండు నిమిషాలు లెక్కపెట్టినా.” అతనికి రాక్ చరిత్ర ఏమీ తెలియదు, కానీ ఆ పాటలో గడియారాలు మోగిన తర్వాత గానం మొదలవడానికి పట్టే నిరీక్షణను, డ్రమ్స్ ఆ ఖాళీని ఎలా నింపుతాయన్న విషయాన్ని, మాలో ఎవరూ అంతకుముందు లెక్కపెట్టలేదు. అతను చెప్పాక, ఆ గడియారాల శబ్దాలను ఈ ఆల్బమ్ రికార్డింగు ఇంజనీరు అలన్ పార్సన్స్ ఒక పాత గడియారాల దుకాణంలో, నాలుగు స్పీకర్ల ధ్వనిని పరీక్షించడానికి ముందే రికార్డు చేసి పెట్టుకున్నాడన్న సంగతిని ఒకరు జోడించారు. ఈ వరుసను గమనించాలి: విన్నది ముందు, తెలిసిన సమాచారం తర్వాత. ఇది తిరగబడితే కొత్తవాళ్లు నోరు విప్పరు.

అదే కారణంతో, గుంపులో అందరికంటే పెద్దవాళ్లూ, ఎక్కువ తెలిసినవాళ్లూ చివర మాట్లాడాలి. మన దగ్గర అన్న ఒక మాట అన్నాక ‘అంతే గదన్నా’ అనడం అలవాటు. మర్యాద మంచిదే కానీ, చీటీలో రాసుకున్న అభిప్రాయాన్ని మడిచి జేబులో పెట్టుకునే మర్యాద ఇక్కడ పనికిరాదు.

వాదన రావాలి కూడా. ఈ ఆల్బమ్‌లో అది తప్పకుండా వచ్చే చోటు ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’. బృందంలోని రిచర్డ్ రైట్ పియానో మీద కట్టిన ఆ రచనకు గొంతు ఇవ్వడానికి 1973 జనవరిలో, ఒక ఆదివారం, క్లేర్ టోరీ అనే గాయనిని పిలిచారు. పాటకు మాటలు లేవు. ఆమె మొదట ఏవో మాటలు పలకబోతే వద్దన్నారు. దాంతో తన గొంతును ఒక వాయిద్యంగా భావించి, అప్పటికప్పుడు తోచినట్టు పాడి, 30 పౌండ్లు తీసుకుని వెళ్లింది. మూడు దశాబ్దాల తర్వాత 2004లో ఆమె కోర్టుకు వెళ్లగా, 2005లో రాజీ కుదిరి, రైట్‌తో పాటు ఆమె పేరు కూడా రచయితల్లో చేరింది. మరి ఆ పాట ఎవరిది? మా గుంపులో కర్ణాటక సంగీతం నేర్చుకున్న అక్క ఒకరు, కచేరీలో ఆలాపన పాడినవారి మనోధర్మమే, అంటే అప్పటికప్పుడు వాళ్లు అల్లుకున్నదే తప్ప కృతి రాసినవారిది కాదు కదా అంటారు. మరొకరు, పియానో పరిచిన దారి లేకపోతే ఆ గొంతు ఎక్కడికి పోయేదని అడుగుతారు. ఈ ఊరివాళ్లకు ఈ ప్రశ్న మరీ కొత్తదేమీ కాదు. అన్నమయ్య సాహిత్యం రాగిరేకుల మీద దొరికినా, మనం వినే కీర్తనల్లో చాలావాటికి బాణీలను రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ వంటివారు తర్వాతి కాలంలో కట్టారు. ఆ కీర్తన విన్నప్పుడు మనం ఎవరిని తలుచుకుంటున్నామో చెప్పుకోగలిగితే, ఈ పాట గురించి కూడా తీర్పు చెప్పవచ్చు. నా వరకు నేను అక్క పక్షమే.

‘మనీ’ దగ్గర మాటలకంటే చేతులు ఎక్కువ పనికొస్తాయి. నాణేలు, చిల్లర పెట్టె చప్పుళ్లున్న టేపు ముక్కలను కొలిచి కత్తిరించి అతికిన ఆ శబ్దాల చుట్టు ఏడు లెక్కకు తిరుగుతుంది. తాళం తెలియని కుర్రాళ్లతో ‘తకిట తకధిమి’ అని మిశ్రచాపు, అంటే ఏడు మాత్రల తాళం లెక్క వేయిస్తే, పాటకు ఉన్న ఆ కుంటినడక రెండు చుట్లలో చేతికి పట్టుబడుతుంది. శాక్సోఫోన్ కూడా ఆ ఏడు మీదే సాగుతుంది. బృందంలోని డేవిడ్ గిల్మర్ గిటారు మొదలైనప్పుడు మాత్రం లెక్క నాలుగుకు మారి, మనం వేస్తున్న తాళం తప్పిపోతుంది. ఆ తప్పడాన్ని నోటితో వివరించకుండా చేతులతో పట్టుకోనివ్వడమే మేలు. ‘ఎనీ కలర్ యూ లైక్’ గురించి మా దగ్గర ఎవరూ ఎక్కువ రాయరు, దాన్ని పట్టుకుని లాగడం అనవసరం.

అంకెలతో వాదించేవాళ్లను సున్నితంగా ఆపాలి. ఈ ఆల్బమ్ అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో 1988 వరకు మొత్తం 741 వారాలు ఉన్న మాట నిజమే, కానీ అది అభిప్రాయం కాదు. ఎంతమంది కొన్నారన్నది మన చెవికి ఏం జరిగిందో చెప్పదు. అలాగే ఇదే బృందం మరో ఆల్బమ్ ‘విష్ యూ వర్ హియర్’ దీనికంటే గొప్పదన్న మాట ఎవరైనా ఎత్తితే, దాన్ని తేదీతో సహా మరో సాయంత్రానికి వాయిదా వేయాలి.

మన ఊరి చెవితో విన్నదాన్ని చెప్పడానికి ఎవరూ జంకకూడదు. చివరి పాట పేరు ‘ఎక్లిప్స్’, అంటే గ్రహణం. గ్రహణం పట్టినప్పుడు తిరుమలలో ఆలయం తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచుతారు. ఈ రెండింటి మధ్య పెరిగిన ఒకతను, ఆ పాటలో వాయిద్యాలన్నీ ఒక్కసారిగా పెరిగి ఆగిపోయిన చోట తనకు తలుపు పడిన చప్పుడు వినిపించిందని రాశాడు. లండన్‌లో కూర్చున్నవాళ్లకు అది తట్టదు. ఆ వెంటనే, గుండె చప్పుడు కింద, చంద్రుడికి నిజానికి చీకటి పక్కంటూ లేదని ఒక గొంతు అంటుంది; బృందంలోని రోజర్ వాటర్స్ అట్టల మీద ప్రశ్నలు రాసి స్టూడియోలో కనిపించినవాళ్లనల్లా అడిగి రికార్డు చేసిన జవాబుల్లో అది ఒకటి, అన్నది ఆల్బమ్ రికార్డయిన లండన్ ఆబీ రోడ్ స్టూడియో ద్వారపాలకుడు జెర్రీ ఓడ్రిస్కాల్. దీన్ని ముందే చెప్పేయకుండా, ఎవరు విన్నారో చీటీలు చూశాకే చెప్పాలి. మా ఏడుగురిలో ఇద్దరికే వినబడింది.

చీటీలన్నీ చదివాక, ఎక్కువ భేదం వచ్చిన చోటును ఒక్కదాన్ని ఎంచుకుని మళ్లీ వినిపించాలి, అంతకుమించి వద్దు. చీటీల మీద పేరు, తేదీ వేసి ఒక కవరులో దాచాలి. కొన్ని నెలల తర్వాత అదే ఆల్బమ్‌కు మళ్లీ కూర్చున్నప్పుడు వాటిని ముందుగా పంచకూడదు. విన్న తర్వాత, కొత్త చీటీ రాసేశాకే, పాతది చేతికివ్వాలి.